కొన్నవారి గడిలో దేవుని పేరు

మా అబ్బా పశువుల అంగట్లో చీటీలు రాసేటాయన. మాది పాలమూరు జిల్లాలో చిన్న బస్తీ. మంగళవారం పొద్దు పొడిచేసరికి మా వాకిట్ల నుంచే ఎడ్లు, కోడెలు, ఆవులు గంటలు మోగించుకుంటూ పోయేవి. వాటి వెనక తలపాగాలు, చేతికర్రలు, బీడీ పొగ. అబ్బా ఫజర్ నమాజు చేసుకొని, రెండు జొన్నరొట్టెలు తిని, చెక్కపెట్టె చంకన పెట్టుకొని వాళ్ళతోపాటే నడిచేటోడు.

అంగట్లో బేరం నోటితో జరగదు. అమ్మేటాయన, కొనేటాయన తువ్వాల కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని వేళ్ళతోనే ధర చెప్పుకుంటరు. నోరు మాత్రం వానల గురించో, వియ్యంకుని కాళ్ళనొప్పుల గురించో మాట్లాడుతుంటది. బేరం తెగినంక ఇద్దరూ అబ్బా ముందు కూర్చుంటరు. అబ్బా చీటీ రాస్తడు. అమ్మినవారు ఎవరు, కొన్నవారు ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, జీవం రంగేంది, వయసు తెలిపే పళ్ళెన్ని, కొమ్ములెట్లున్నయి, సుడి ఎక్కడుంది, గుణమేంది. కింద కార్బన్ పెట్టి రాసేటోడు. మీద ఉన్న కాగితం కొన్నాయనకు పోయేది, ఊదారంగు అక్షరాల అడుగు కాగితం గోనెసంచిలో మా ఇంటికి వచ్చేది.

ఆ సంచే నా బడి. మా ఆడపిల్లలను బడికి పంపే రోజులు కావు. దాదీ, అంటే అబ్బా వాళ్ళమ్మ, నాకు ఖురాన్ చదువుడు నేర్పింది. తెలుగు అక్షరాలు అబ్బా ఆ అడుగు కాగితాల మీదనే నేర్పిండు. నేను మొట్టమొదట కూడబలుక్కొని చదివిన మాటలు 'కోడె, రెండు పళ్ళు, ఎర్రది'. పాపం ఈ పిల్లకు చదువు లేకపాయె అని ఎవరన్నా జాలిపడితే నాకు లోపల నవ్వొచ్చేది. అల్లా బడినే వారానికొకసారి మా ఇంటికి తోలుకొచ్చిండు, ఇంకేం కావాలె?

నాకు పన్నెండేండ్లు దాటినంక అబ్బాకు కండ్లు మసకబారినయి. అంగడి పాట పాడుకున్న గుత్తేదారుకు ప్రతి నెలా ఒక సాఫు పుస్తకం రాసి చూపియ్యాలె. అడుగు కాగితాల్లో ఉన్నదంతా గీతలు కొట్టిన రిజిస్టర్లో ముత్యాల్లాగ ఎక్కించాలె. ఆ పని నాకొచ్చింది. గుత్తేదారు ఏడాదికొకడు మారేటోడు. కొత్తాయనకు పాత పుస్తకాలు అక్కరలేదు. అట్ల ఏడేండ్ల సాఫు పుస్తకాలు మా ఇంటి గూట్లోనే పేరుకున్నయి. నేను అంగడి లోపల ఎన్నడూ అడుగు పెట్టలేదు. కాని దాని ముచ్చటంతా నా చేతివేళ్ళ నుంచే నడిచేది.

ఇగ మా కోడె సంగతి.

దాదీ పెండ్లయి వచ్చిన్నాడు వాళ్ళ నాయిన ఒక ఎర్రావు పెయ్యను వెంట తోలిచ్చిండట. ఆ పెయ్యకు పెయ్య, దానికి ఇంకో పెయ్య, అట్ల మా కొట్టంలో ఆ వంశం తెగకుండ వచ్చింది. దాదీ పుట్టినింటి మనుషులు ఒక్కొక్కరే కాలం చేసిండ్రు. ఊరు కూడా సగం వలసపోయింది. ఆ ఆవులు మాత్రమే ఉండె. ఒక ఎండకాలం ఆఖరి ఆవు కోడెదూడను ఈని, మూడు నెలలకే చచ్చిపోయింది. దాదీ ఆ దూడను సీసాతో పాలు పట్టి, పొయ్యి పక్కన పండబెట్టి సాదింది. అదే పెద్దదయి రెండు పళ్ళ కోడె అయింది. నుదురు వెడల్పు, మూపురం గట్టిగ, ఒళ్ళు మోదుగుపువ్వు తీరు ఎరుపు. పిలిస్తే మేకపిల్ల లెక్క వెంట వచ్చేది.

మూడో పన్ను కదిలేలోపల దాని సంగతి తేలాలె. కోడెను విత్తనానికి ఉంచుకునే ఊరు దొరికితే అది ఆంబోతుగ బతుకుతది, దాని సంతానం పెరుగుతది. దొరకకపోతే విత్తులు కొట్టించి ఎద్దును చెయ్యాలె. అప్పుడు దాదీ పుట్టినింటి ఆవు వంశం అక్కడికే ఆఖరు.

మిరుగం కార్తె ముంగట, తొలకరి దుక్కులకు ఎడ్ల బేరాలు జోరుగుండే నెలలో, అబ్బా దాన్ని మూడు మంగళవారాలు అంగడికి తోలుకపోయిండు. మూడుసార్లూ తిరిగి తోలుకొచ్చిండు. హాలియా దిక్కు నుంచి కాలువకింద వరి దున్నేటోళ్ళు వచ్చి చూసిండ్రు. వాళ్ళకు బురదలో దిగే పెద్ద తెల్లటి ఎడ్లు కావాలె. తీసుకుంటమన్న ఇద్దరు ముగ్గురు కూడా "కొట్టించి ఇయ్యి సాయబూ, కాడికి కడతం" అన్నరు.

మూడోసారి అబ్బా వెంట దళాలి కూడా ఇంటికొచ్చిండు. ముప్పై ఏండ్లుగ అంగట్లో బేరాలు తెంపేటాయన, నోరు మంచిదే కాని కుదురుగ ఉండదు. వాకిట్ల చాయ తాగుకుంట అన్నడు:

"సాయబూ, ఆంబోతు అంటే రంకె వెయ్యాలె, మట్టి ఎగజిమ్మాలె. జనం పక్కకు జరగాలె. నీదేమో అత్తగారింటికొచ్చిన కొత్త కోడలు లెక్క తలొంచుకొని నిలబడ్డది. ఎవడు కొంటడు?"

మా అమ్మీ లోపలినుంచి, "మరి మా అత్త సాదింది కద, మర్యాద నేర్చుకున్నది" అన్నది.

"మర్యాద ఆంబోతుకెందుకు వదినా! నా మాటిని వచ్చే సోమవారం కొట్టించుండ్రి. మంచి ఎద్దయితది."

అబ్బా తలూపిండు. దాదీ లేచి పోయి కోడె గంగడోలు కింద గోకుకుంట నిల్చున్నది. ఆమె కోపం చేసినా బాధపడ్డా మాట్లాడేది కాదు, జపమాల పూసలు మాత్రం జర తొందరగ తిరిగేవి. ఆ పూట తొందరగ తిరిగినయి.

నాకు అన్నం పోలేదు. సాయంత్రం అసర్ నమాజు చేసుకొని అల్లాను దువా అడిగిన. అడుగుతుంటేనే ఒక ఆలోచన వచ్చింది. ఆంబోతులు కొనే ఊర్లు ఉన్నయి. ఇన్నేండ్ల నుంచి కొంటనే ఉన్నయి. అవి ఎప్పుడు కొంటయి, ఎసుంటివి కొంటయి, అన్నీ నేను రాసిన పుస్తకాల్లోనే ఉండాలె కద? ఇప్పుడు మా చిన్న బిడ్డ కంప్యూటర్ ముంగట కూర్చొని డేటా మైనింగ్ అని చేస్తది. కుప్పల కొద్ది లెక్కల్లో దాగిన మర్మాన్ని తవ్వి తీసుడట. నాకు ఆ పేరు తెలియదు, తవ్వాలె అని మాత్రం తెలిసింది.

"అబ్బా, సోమవారం వద్దు. నేను పుస్తకాలు చూస్త" అన్న.

"చూసి ఏం జేస్తవు బేటా?"

"కోడెలను ఎవరు కొన్నరో, ఎప్పుడు కొన్నరో చూస్త."

ఆయన నవ్వలేదు. "చూడు. సోమవారం దాకా చూడు" అన్నడు.

మా అర్ర నేల మీద బొగ్గుతో పన్నెండు గడులు గీసుకున్న, నెలకొక గడి. కోడె అమ్మకం ఒకటి కనబడ్డప్పుడల్లా ఆ నెల గడిలో ఒక చింతగింజ పెట్టేదాన్ని. మా పండుగలు ప్రతి ఏడూ కొన్ని రోజులు ముందుకు జరుగుతయి గనుక, పుస్తకాల తేదీలను వానలతో, దసరాతో కలిపి నెలలు లెక్కగట్టిన. దాదీ గడపలో నిలబడి చూసింది.

"ఏందే, ఒక్కదానివే అష్టాచెమ్మ ఆడుకుంటున్నవా?"

"అవును దాదీ, నీ కోడెతోటి ఆడుతున్న."

"గెలిస్తే చెప్పు" అని పోయింది.

రెండు రోజులు ఆడిన. ఏమీ గెలవలేదు. గింజలు అన్ని గడుల్లోనూ పడ్డయి. మిరుగం ముంగట ఎక్కువ, అది అందరికీ తెలిసిందే. తెల్లవి, ఎర్రవి, మచ్చలవి. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి. దగ్గరి ఊర్లు, దూరపు ఊర్లు. పుస్తకంలో కోడె అంటే కోడె, అంతే. దున్నెటందుకు కొన్నదేదో, విత్తనానికి కొన్నదేదో ఎట్ల తెలియాలె? ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

శనివారం అబ్బా పక్కన కూర్చొని అడిగిన. "ఆంబోతు కొంటే చీటీలో వేరే ఏమన్నా రాస్తవా?"

"వేరే ఏం రాసేదుంటది? కొన్నవారి గడిలో దేవుని పేరు రాస్త."

"దేవుని పేరా?" అన్న.

"ఊరంత కలిసి కొంటది కద బేటా," అబ్బా నిదానంగ చెప్పిండు. "ఒకని పేరు మీద రాస్తే రేపు వాడు నాదే అని కాడికి కడతడు, అమ్ముకుంటడు. అందుకని వాళ్ళ ఊరి దేవుని పేరు మీద రాయిస్తరు. దేవుని దాన్ని ఎవ్వరూ కాడికి కట్టరు. పక్కన చిన్నగ ఊరి పెద్దమనిషి పేరు రాస్త, వేలిముద్ర వెయ్యాలె కద. నువ్వే ఎక్కిస్తివి గద అన్నీ?"

ఎక్కించిన. కాని నేను చేసిన పని అప్పుడు గుర్తుకొచ్చింది. పన్నెండు పదమూడేండ్లప్పుడు, కొన్నవారి గడిలో దేవుని పేరు మొదటిసారి చూసినప్పుడు, నాకు అది తప్పుగ తోచింది. దేవుడు కొనుడేంది? ఇచ్చేటోడు కద ఆయన? కొనవలసిన అవసరం ఆయనకేంది? అబ్బా తొందరలో రాసి ఉంటడు అనుకొని, సాఫు పుస్తకంలో శుభ్రంగ దేవుని పేరు విడిచిపెట్టి, పక్కన చిన్నగున్న పెద్దమనిషి పేరు ఎక్కించిన. అట్ల ఏడేండ్లు, ఒక్కటి విడువకుండ. ముత్యాల్లాంటి అక్షరాలతో అసలు సంగతినంతా తుడిచిపెట్టిన.

ఏడ్చుకుంటనే చెప్పిన. అబ్బా నా మొహం చూసి, పెద్దగ నవ్విండు. కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళ నవ్విండు.

"ఏందమ్మా ఈ పిల్ల! ఇచ్చేటోడు కొనడని లెక్కలోనుంచి తీసేసిందట!"

దాదీ మాత్రం నవ్వలేదు. "తప్పేమన్నది? ఇచ్చేటోడే" అన్నది. తర్వాత నన్ను చూసి, "కాని రాసేటోళ్ళు ఉన్నది ఉన్నట్టు రాయాలె బిడ్డా. మనకు అర్థం కానిది మనం దిద్దొద్దు" అన్నది.

ఆ మాట నేను ఇప్పటికీ మరువలేదు. అల్లా ఆమెకు స్వర్గంలో చల్లని జాగా ఇయ్యాలె.

"ఇగ ఏడుపెందుకు?" అన్నడు అబ్బా. "సాఫు పుస్తకం పోతే పాయె, అడుగు కాగితాలు లేవా?"

ఉన్నయి. అటక మీద మూడు గోనెసంచులు, తొమ్మిదేండ్లవి. నిచ్చెనేసి దించినం. ఒక సంచిలో ఎలుక ఈని పిల్లలను పెట్టింది, వాటికి పరుపు చెయ్యనీకి ఒక ఏడాది కాగితాల్లో కొంచెం కొరికింది. ఇంకో సంచి నోరు విప్పి ఉన్నది. అమ్మీ మొహం పక్కకు తిప్పుకున్నది.

"నాకేం తెలుసు? పొయ్యి అంటుకోకుంటే అప్పుడొకటి అప్పుడొకటి తీసిన."

"ఎన్ని తీసినవు?" అబ్బా అడిగిండు.

"మీరు తిన్న రొట్టెలెన్నో లెక్కబెట్టుండ్రి, గన్ని తీసిన" అన్నది అమ్మీ. అబ్బా మళ్ళ ఆ మాట ఎత్తలేదు.

అయినా చానా కాగితాలు మిగిలినయి. సోమవారం అనుకున్న గడువును అబ్బానే వారం జరిపిండు. ఇంట్లో పని అయినంక ప్రతి పూటా కూర్చున్న. దేవుని పేరున్న కాగితాలను మాత్రమే ఏరిన. వేలకొద్ది చీటీల్లో అవి రెండు గుప్పిళ్ళకు మించలేదు. ఏరినవాటికి కొత్తగ గడులు గీసి గింజలు పెట్టిన.

ఈసారి గింజలు మాట్లాడినయి.

మిరుగం ముంగట ఒక్క గింజ లేదు. చలికాలం చివర్లో రెండు, అంతే. మిగిలినవన్నీ దసరా నుంచి కార్తీకం దాకా ఉన్న రెండు గడుల్లో కుప్పగ పడ్డయి. గడులు చూసిన దాదీ ఒక్క చూపులో చెప్పింది. "వానలు పడి గడ్డి మేస్తె ఆవులు ఒళ్ళు చేస్తయి, అప్పుడే కద ఎదకొస్తయి. ఆంబోతు లేకపాయె అని ఊరికి అప్పుడే తెలుస్తది." అంటే మేము ఎడ్లు అమ్మే నెలలో ఆంబోతును అమ్మబోయినం.

ఇంకొకటి గుణం గడి. దున్నెటందుకు కొన్న కోడెల చీటీల్లో అబ్బా 'చురుకు', 'ఉషారు' అని రాసిండు. దేవుని పేరు మీద కొన్నవాటిలో ఒకటి రెండు తప్పితే అన్నీ 'సాధు', 'సాధు', 'సాధు'. ఎందుకని అడిగితే ఆయనే ఆశ్చర్యపోయిండు. "అవును మరి. ఆంబోతు ఊర్లోనే తిరుగుతది, పిల్లలుంటరు, ముసలోళ్ళుంటరు. పొడిచేదాన్ని ఎవరు తీసుకుంటరు? వాళ్ళు అడిగితే నేను రాసేది, కాని ఎన్నడూ కలిపి చూసుకోలేదు." కొత్త కోడలు లెక్క నిలబడ్డ మా కోడె గుర్తొచ్చి నేను, దాదీ ఒకరినొకరు చూసుకున్నం.

మూడోది ఊర్ల సంగతి. కొన్ని ఊర్లు రెండుసార్లు కనబడ్డయి. రెండింటి మధ్య నాలుగు దసరాలు. ఒక ఊరికి కాదు, నాలుగు ఊర్లకు అట్లనే ఉంది. ఎందుకని ఒక పూటంతా అబ్బాతో మాట్లాడినం. ఆంబోతు వచ్చిన మరుసటేడు దాని పెయ్యలు పుడతయి. ఆ పెయ్యలు పెరిగి ఎదకొచ్చేసరికి నాలుగేండ్లవుతది. అప్పుడు ఆంబోతును మార్చాలె, సొంత బిడ్డల మీదికి విడువగూడదు. రైతులకు ఇది తెలుసు, కాని మందలో పెయ్యలు ఎదకొచ్చినప్పుడే యాదికొస్తది.

దేవరకొండ దిక్కున ఒక ఊరు. రెండుసార్లు కొన్నరు. రెండుసార్లూ ఎర్రదే, రెండు పళ్ళదే, సాధుదే. రెండోది కొని మూడు దసరాలు గడిచినయి. రాబోయేది నాలుగోది.

నేను అబ్బా కాళ్ళ దగ్గర కూర్చొని అడిగిన. "దసరా దాకా కొట్టించకు అబ్బా. దసరా తర్వాత రెండు మంగళవారాలు చూసి, ఎవరూ రాకుంటే నీ ఇష్టం."

అది చిన్న అడుగుడు కాదు. ఎదిగిన కోడెను నాలుగు నెలలు కట్టేసి మేపాలె. అప్పటికే ఒకసారి పలుపు తెంపుకొని పక్కింటి కూరగాయల మడంతా తిరిగొచ్చింది. ఇంకా ఆలస్యమైతే పన్ను దాటుతది, దాటితే విత్తనానికీ పోదు, ఎద్దుగ కూడా ధర పడిపోతది. దళాలికి తెలిసి నెత్తి కొట్టుకున్నడు.

"సాయబూ! నీ బిడ్డ చింతగింజలను అడిగి కోడెను అమ్ముతదా? రేపు నా మనవరాలికి సంబంధం కూడా చూసిపెట్టుమను."

"గింజలు మిగిలితే చూస్తది తియ్యి" అన్నడు అబ్బా. ఆ రోజు ఆయన నా పక్కన నిలబడ్డందుకు ఎన్ని రకాతుల నమాజుతో అల్లాకు షుకర్ చెప్పుకున్నా తక్కువే.

వానలు మంచిగ పడ్డయి. కోడె ఇంకా నిగనిగలాడింది. బతుకమ్మ పూలు తెంపే రోజుల్లో అబ్బా తెచ్చిన పోస్టుకార్డు మీద నా బతుకులో మొదటి జాబు రాసిన. పాత చీటీలో పెద్దమనిషి పేరు ఉండనే ఉన్నది. "అయ్యా, మీ ఊరి ఆంబోతు వచ్చి నాలుగో దసరా అవుతున్నది. పెయ్యలు ఎదిగి ఉంటయి. మా దగ్గర ఎర్ర కోడె, రెండు పళ్ళది, సాధువైనది ఉన్నది. వచ్చి చూసుకోగలరు." కింద అబ్బా పేరు, అంగడి రాతగాడు అని పెట్టిన.

జవాబు రాలేదు. దసరా పోయింది. మొదటి మంగళవారం అబ్బా కోడెను కడిగి తోలుకపోయిండు. ఎవరూ రాలేదు. దాదీ తిరిగొచ్చిన కోడెకు కుడితి పెట్టింది. రెండో మంగళవారం నేను మధ్యాహ్నం జొహర్ నమాజులో ఎన్ని రకాతులు చేసిన్నో రెండుసార్లు మరిచిపోయిన. పొద్దు వంగింది. అబ్బా కోడెను తోలుకొని తల దించుకొని వచ్చిండు. అంగడి ముగిసింది. విత్తులు కొట్టే ఆయనకు బుధవారం రమ్మని కబురు ముందే పోయింది.

తెల్లారి బుధవారం. అమ్మీ వాకిలి ఊడుస్తుంటే ఐదుగురు మగవాళ్ళు భుజాన గొంగళ్ళేసుకొని మా గుమ్మం ముందుకొచ్చిండ్రు. విత్తులు కొట్టే ఆయన మనుషులనుకొని అమ్మీ చీపురు ఎత్తినంత పని చేసింది.

"సాయబు ఇల్లు ఇదేనా తల్లీ? నిన్న బస్సు అందక అంగడి దాటిపోయింది" అన్నడు అందులో పెద్దాయన. కండువా మడతలోంచి నా పోస్టుకార్డు తీసిండు. మూలలు నలిగి, మీద పసుపు మరక ఉంది. ఊర్లో ఎంత మంది చేతుల్లో తిరిగిందో.

అబ్బా మంచం వాల్చిండు. పెద్దాయన కూర్చోకుండనే అడిగిండు. "ముందు ఒకటి చెప్పు సాయబూ. మా ఊరి ఆంబోతును మార్చాలె అని నీకు ఎవడు చెప్పిండు?"

"ఎవరూ చెప్పలేదు పటేలా."

"అబద్ధమాడకు. మేమే ఇంకా నలుగురిలో కూర్చొని మాట్లాడలేదు. నీ కార్డొచ్చింది, ఊర్లో కొట్లాట మొదలైంది. వీడు వాణ్ని అంటడు, వాడు వీణ్ని అంటడు, ఇంటి గుట్టు అంగట్లో పెట్టినవని. నెల నుంచి మా ఇద్దరన్నదమ్ములకు మాటల్లేవు!"

పక్కన నిల్చున్న తమ్ముడు "నేను చెప్పలే అంటే ఇనడు" అని గునిసిండు.

అబ్బా నవ్వు ఆపుకోలేక తలుపు దిక్కు చూపించిండు. "మా బిడ్డ చెప్పింది. మీ పాత చీటీలు చూసి లెక్కగట్టింది."

నేను తలుపు సందులోంచి దాదీ వెనక నిలబడి ఉన్న. పెద్దాయన అటు తిరిగి అన్నడు. "అమ్మా, మా ఆవులకు నీ లెక్క తెలిసినట్టుంది. సరిగ్గ దసరా నెలలోనే పెయ్యలు రెండు ఎదకొచ్చినయి."

అందరూ కొట్టంలోకి పోయిండ్రు. కోడె నోరు తెరిచి పళ్ళు చూసిండ్రు. వెన్ను మీద, నుదుటి మీద సుడులు వెతికిండ్రు. తోక ఎత్తిండ్రు, గిట్టలు తట్టిండ్రు. అది కదలలేదు. తమ్ముడు కావాలనే కొమ్ము పట్టి ఊపిండు. ఆయన చెయ్యి వాసన చూసి నాకింది.

"అన్నా, గిదే కావాలె" అన్నడు తమ్ముడు. అన్నదమ్ములు నెల తర్వాత మాట్లాడుకున్న మొదటి మాట అదేనట.

వేల మందికి చీటీలు రాసిన మా అబ్బాకు తువ్వాల కింద చెయ్యి పెట్టుడు అదే మొదటిసారి. ఏ వేలు పట్టుకోవాలనో తడబడ్డడు. ఆ లోపల విత్తులు కొట్టే ఆయన కర్రలు పట్టుకొని రానే వచ్చిండు. దాదీ తనే ఎదురుపోయి, చెంబుతో మజ్జిగ ఇచ్చి, "ఇయ్యాల నీకు పని లేదు బిడ్డా, పెండ్లి ఉన్నది" అని పంపించింది.

బేరం తెగినంక దాదీ ముసుగు సరిచేసుకొని ముందుకొచ్చింది. నా ఎరుకలో ఆమె పరాయి ఊరి మగవాళ్ళ ముందు నిలబడి షరతు పెట్టంగ చూసింది ఆ ఒక్కసారే.

"నాయినా, ఇది మా పుట్టినింటిది. దూడలు పుడితే నాకు చూపియ్యాలె. అదే నా షరతు."

"చూపిస్త అవ్వా. మా దేవుని సాక్షిగ" అన్నడు పెద్దాయన.

చీటీ అబ్బా రాసిండు. సాఫు పుస్తకంలో నేను ఎక్కించిన, ఒక్క అక్షరం దిద్దకుండ. కోడె మెడకు బంతిపూలు కట్టి, నుదుట పసుపు పెట్టి, వాళ్ళు డప్పు ఒకటి కిరాయికి మాట్లాడుకొని బయలుదేరిండ్రు. బస్తీ దాటేదాకా డప్పు వినబడింది. దళాలి అంగడి గేటు దగ్గర నిలబడి చూసిండట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, చాయ అడిగి తాగి, "మనవరాలి సంబంధం మాట నిజంగనే అంటున్న" అన్నడు.

ఏడాది దాటింది. ఎండలు ముదిరే రోజుల్లో ఒక మనిషి కబురు తెచ్చిండు, అవ్వను తోలుకరమ్మని. నేను, దాదీ, అబ్బా పొద్దున్నే బస్సెక్కినం. దిగి రెండు మైళ్ళు బండ్ల బాట. దాదీ మోకాళ్ళ సంగతి ఆ రోజు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

పెద్దాయన ఇంటి ముందు పందిరి కింద లేగలను కట్టి ఉంచిండ్రు. ఊరి నలుమూలల నుంచి తెచ్చిండ్రట మాకు చూపియ్యనీకి. ఎర్రవి, గోధుమరంగువి, ఒకటి నల్లదానికి ఎర్ర చెవులు. దాదీ ఒక్కొక్క దాని దగ్గర కూర్చొని నుదురు నిమిరి, "నీ తల్లి ఏదే?" అని అడిగింది. ఆ ఇంటామె, ఈ ఇంటామె పోటీపడి చెప్పిండ్రు. "గిది మా ఆవుదవ్వా." "గిది మా చిన్నకోడలు ఆవుది." ఆంబోతు మాత్రం ఊర్లో లేదు, చెరువుకట్ట మీద తిరుగుతున్నదన్నరు. పిల్లలు దాని వీపు మీద ఎక్కి ఈతకు పోతరట.

జొహర్ యాళ్ళకు దాదీ నీళ్ళడిగింది, నమాజు చేసుకుంటనన్నది. పెద్దాయన భార్య కొట్టం పక్కన జాగాను అలికి, పెట్టెలోంచి ఇంకా ఎవరూ కప్పుకోని కొత్త గొంగడి తెచ్చి పరిచింది. ఏ దిక్కుకు పరచాలె అని అబ్బాను అడిగి మరీ సరిచేసింది. దాదీ, నేను నిలబడినం. ఆ ఊరి ఆడవాళ్ళు పిల్లల నోళ్ళు మూసి చప్పుడు చేయకుండ పందిరి కింద కూర్చున్నరు. ఫర్జ్, అంటే తప్పనిసరి నమాజు, అయినంక దాదీ అల్లాకు కృతజ్ఞతగ ఇంకో రెండు రకాతులు షుకరానా చేసింది. నేలకు నుదురానించి సజ్దాలో ఆమె చానాసేపు ఉన్నది. ఒక లేగ పలుపు జారించుకొని వచ్చి, గొంగడి అంచు నోట పెట్టుకొని నమలబట్టింది. ఇంటామె లేవబోతే నేనే సైగచేసి ఆపిన.

అన్నం పెట్టిండ్రు. అబ్బా బస్సు యాళ్ళయింది, లేవుండ్రి అన్నడు. దాదీ వేళ్ళ మీద లెక్కబెట్టుకొని పెద్దాయనను అడిగింది.

"ఇయ్యేనా, ఇంకా ఉన్నయా?"

"ఇంకో మూడు మందతో పోయినయి అవ్వా. పొద్దుగూకేసరికి వస్తయి."

"మరి నువ్వు బస్సుకు పో బేటా" అన్నది దాదీ అబ్బాతో, అరుగు మీద కాళ్ళు చాపుకుంట. "నేను అవి వచ్చినంక వస్త."

అబ్బా చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చున్నడు.